ఇల్యా మెచ్నికాఫ్ – ముల్లు నేర్పిన పాఠము

కాలిలో ముల్లు విఱిగి రెండు దినములు నిలిచినచో ఆ చోటు ఎఱ్ఱబడి, వాచి, చీము పట్టును. ఆ చీమునందే దేహరక్షణ రహస్యమును గ్రహించిన శాస్త్రజ్ఞుని చరిత్రమును మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపగోరుచున్నాము.

ఇల్యా మెచ్నికాఫ్ 1845వ సంవత్సరమున నాటి రష్యా సామ్రాజ్యములోని ఖార్కోవ్ ప్రాంతమున జన్మించెను. నాలుగేండ్ల విశ్వవిద్యాలయ విద్యను రెండేండ్లకే ముగించి, పిన్నవయసుననే ఒడెస్సాలో ఆచార్యుడయ్యెను. 1882లో ఆ యుద్యోగమును విడిచి, సిసిలీ ద్వీపమునందలి మెస్సీనాకు కుటుంబముతో తరలిపోయెను.

అచ్చట ఒకనాడు ఇంటివారందఱు సర్కసు చూడబోయిరి. ఆయన యొక్కడే కూర్చుండి, గాజువలె పారదర్శకమైన నక్షత్రపు చేప పిల్లను సూక్ష్మదర్శినిలో చూచుచుండెను. దాని లోపల కొన్ని కణములు అటునిటు తిరుగాడుచుండెను. ఇవి దేహమునకు కావలివారు కారాదా యను ఊహ ఆయనకు తోచెను. వెంటనే తోటలోని గులాబీ ముండ్లను తెచ్చి ఆ పిల్లల చర్మము క్రింద గ్రుచ్చెను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి చూడగా ముల్లు చుట్టును కణములు మూగి యుండెను! క్రిములను మ్రింగు ఈ కణములకే భక్షక కణములని పేరు.

రక్తములోని ద్రవమే క్రిములను చంపునని జర్మను పండితులు పలువురు ఎదురు వాదించిరి. 1888లో పాశ్చర్ పారిసులోని తన సంస్థలో ఆయనకు చోటొసగెను. 1908లో నోబెల్ బహుమానమును ఆయనకును, ద్రవపక్షమువాడైన పాల్ ఎర్లిహ్‌కును కలిపి యిచ్చిరి. ఇరుపక్షములును సత్యమే యని నేడు ఎఱుగుదుము.

అయితే కణము శత్రువు నెట్లు గుర్తించునను ప్రశ్న ఆయన కాలమున తేలలేదు. ఇన్‌ఫ్లుయెంజా, తట్టు మొదలగువాని వైరసులు ఆర్.ఎన్.ఏ. అను పోగును మన కణములోనికి చొప్పించును. కణము సొంతముగా పంపు వార్తాహర పోగుల కొనకు తొడుగుండును. వైరసు పోగు కొన పలుమార్లు తొడుగు లేక, మూడు ఫాస్ఫేటులతో బయలుపడి యుండును. రిగ్-ఐ అను ప్రోటీను ఆ కొనను పసిగట్టి ఇంటర్‌ఫెరాన్‌ను పుట్టింపజేయును. దానిచే ఇరుగుపొరుగు కణములు మేల్కొనును. ఇంటర్‌ఫెరాన్‌ను 1957లోను, రిగ్-ఐ వైరసు ఆర్.ఎన్.ఏ.ను గుర్తించు సంగతిని 2004లోను కనుగొనిరి.

ఒడెస్సాలో ఆయన శిష్యుడైన హాఫ్కిన్ 1897లో బొంబాయిలో ప్లేగు టీకాను తొలుత తన దేహముపైననే పరీక్షించుకొనెను. మెచ్నికాఫ్ తాను కడపటి సంవత్సరములలో పులిసిన పాలు దీర్ఘాయువు నిచ్చునని నమ్మి, ప్రతిదినము సేవించెను. పెరుగు విడువని మన యిండ్లకు ఈ మాట రుచించును గాని, ఆయన ఆశించినంత ఫలము ఋజువు కాలేదని చెప్పక తప్పదు. 1916లో, 71 ఏండ్ల వయసున ఆయన పారిసులో మరణించెను. చితాభస్మమును పాశ్చర్ సంస్థ గ్రంథాలయమున, పుస్తకముల నడుమ నుంచిరి.