కార్మిక పక్షపాతి మఖ్దూం

మెదక్ సీమలోని ఆందోలు గ్రామము నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. ఉర్దూ కవిగా దేశమంతట పేరుగన్న మఖ్దూం మొహియుద్దీన్ 1908 ఫిబ్రవరి 4వ తేదీన అక్కడ జన్మించినారు. పసితనముననే తండ్రి గతించగా, తండ్రి సోదరుని పోషణలో పెరిగినారు. మసీదు ఊడ్చుట, నీళ్లు నింపుట వంటి పనులతో గడచిన బాల్యమది. ఒళ్లు వంచి పనిచేయువారి కష్టము ఆయనకు పుస్తకముల వలన తెలిసినది కాదు.

హైదరాబాదు చేరి, ఎన్నో ఇబ్బందుల నడుమ ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పూర్తి చేసినారు. విద్యార్థిదశలోనే కవిగా, నాటక రచయితగా పేరు వచ్చినది. 1939లో సిటీ కళాశాలలో ఉర్దూ అధ్యాపకులైనారు. నెల తిరుగగానే చేతికందు జీతము, సంఘములో మర్యాద, ముషాయిరాలలో ఆదరణ – కోరదగిన జీవితమే. అయినను 1941లో ఆ పదవికి రాజీనామా యిచ్చి కార్మిక సంఘముల పనిలో పూర్తిగా ప్రవేశించినారు.

నిజాం రాజ్యమున సంఘము కట్టుట తేలిక కాదు. అనుమతి లేనిదే సభ జరుపరాదని 1929 నాటి గస్తీ నిషాన్ 53 శాసించినది. అట్టి కాలమున సంఘములో పేరు వ్రాయించుకొనవలెనా, వద్దా అని మిల్లు కార్మికుడు తర్కించుకొనుటలో వింత లేదు. చందా కొద్దిపాటిదే, భయము పెద్దది. యజమానికి తెలిసినచో పని పోవును, ఇంటిల్లిపాది పస్తులుండవలెను. చేరకున్నచో, కూలి కోసినను, పని గంటలు పెంచినను ఒంటరిగా పోయి అడుగవలెను. మరి పదిమంది పక్షమున మాట్లాడవలసినవాడెవడు? లోపలివాడైనచో మరునాడే తొలగింపబడవచ్చును. బయటివానిని యజమాని తొలగింపలేడు; కాని యంత్రము ముందు నిలిచినవాని బాధ అతనికి తెలియకపోవచ్చును. అతని రాజకీయము కార్మికుని అవసరమును మింగివేయవచ్చును.

ఈ సందేహములన్నియు మఖ్దూంకు వర్తించినవే. ఆయన మిల్లు కార్మికులు కారు. కమ్యూనిస్టు పార్టీకి చెందినవారు. కాని కార్మికునికి రాగల నష్టమును తానును పంచుకొన్నారు. ఉద్యోగము వదలుకొన్నారు, చెరసాలకు పోయినారు. వారి నమ్మకమునకు ఇది ఆధారమైనది. 1946లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఏర్పడగా దానికి అధ్యక్షులైనారు. ఆ యేడే నిర్బంధము తీవ్రము కాగా అజ్ఞాతవాసమునకు పోయినారు. 1951లో పట్టుబడి, విడుదలైన పిమ్మట 1952లో హుజూర్‌నగర్ ఉపయెన్నికలో గెలిచి హైదరాబాదు శాసనసభలో ప్రవేశించినారు.

దీనికి కవిత్వము కూడ మూల్యము చెల్లించినది. తొలి సంపుటి సుర్ఖ్ సవేరా 1944లో వెలువడినది. రెండవదైన గుల్-ఎ-తర్ 1961 వరకు రాలేదు. పదునేడేండ్ల ఆ యెడము సాహిత్యమునకు నష్టమే. ఆ నష్టము ఆయన ఎరిగి కోరుకొన్నది.

సంఘము చదువుకొన్నవారికి తగదను భావము నేటికిని గలదు. 1945లో నిజాం రైల్వే టాటాలతో కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను నెలకొల్పినది. 1953లో అది జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనది. పెద్ద జీతము గల విమానచోదకుడు, కార్ఖానా ఫిట్టరువలె సంఘములో చేరుట తన హోదాకు తక్కువని తలపవచ్చును. కాని ఎన్ని గంటలు విమానము నడుపవలెను, నడుమ ఎంత విశ్రాంతి గలదు అను విషయములలో అతడును ఒంటరిగా సంస్థకు ఎదురు చెప్పలేడు. కావుననే మన దేశపు చోదకులు ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్ వంటి సంఘములను కట్టుకొన్నారు. ఉపాధ్యాయుని విషయము మరింత చిత్రము. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ప్రకారము ఉపాధ్యాయుడు కార్మికుడు కాడని 1988లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను ఉపాధ్యాయ సంఘములు ఆగిపోలేదు. అధ్యాపకులైన మఖ్దూం తమకును మిల్లు కూలికిని నడుమ గీత గీచికొనకపోవుటలోని అర్థము ఇచ్చట బోధపడును.

తరువాత ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలోను సభ్యులైనారు. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో మరణించినారు. బిసాత్-ఎ-రక్స్ అను సంపుటికి సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది ఆ యేటనే. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహము గలదు.

ఆయన పుట్టిన జిల్లాలోనే నేడు పటాన్‌చెరు మొదలు గడ్డపోతారం వరకు రసాయన, ఔషధ కర్మాగారములు నిలిచియున్నవి. బీహారు, ఒడిశాల నుండి వచ్చినవారెందరో కాంట్రాక్టరు చేతిక్రింద అచ్చట పనిచేయుచున్నారు. పని కర్మాగారమునది, కూలి కాంట్రాక్టరుది. ఎవరిని నిలదీయవలెనో తెలియని స్థితి. 2025 జూన్ 30న పాశమైలారమున జరిగిన ప్రేలుడులో నలుబదిమందికి పైగా మరణించినారు. మిల్లు కార్మికుడు ఆనాడు తర్కించుకొన్న ప్రశ్న ఈ షెడ్లలో మరల వినవచ్చుచున్నది. చేరుటకు భయము, చేరకున్న ఒంటరితనము. మఖ్దూం భాషలో మాట్లాడగలవారు నేడు కొందరే యుండవచ్చును. జీతపు ఉద్యోగమును వదలి ఆ భయములో పాలుపంచుకొనగలవారు అంతకంటె అరుదు.