మంద దగ్గరికి తానే వెళ్ళిన కాపరి

బిషప్ అజరయ్య గారి పేరు మన సంఘాల్లో వినని వారు తక్కువ. విజయవాడలో ఆయన పేరిట బాలికల ఉన్నత పాఠశాల ఉంది, డోర్నకల్‌లో ఆయన కట్టించిన గుడి ఉంది. ఆయన ఎలా బ్రతికారో మాత్రం మన పిల్లలకు తెలియదు. పెద్దల్లోనూ చాలామందికి తెలియదు. సంఘ కమిటీ ఎన్నికలు, కోర్టు వాయిదాలు, మిషను స్థలాల తగాదాలు తప్ప వేరే వార్తలు రాని ఈ రోజుల్లో ఆ జీవితాన్ని ఒకసారి తిరిగి చూడాలని మాకు అనిపించింది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు తెలుగువారు కారు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఆ ఊరి గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని చివరి పరీక్ష వేళకు జబ్బు పడటంతో డిగ్రీ చేతికి రాలేదు. దాని కోసం ఆయన ఆగిపోలేదు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతా తిరిగారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులతో కలిసి ఒక మిషనరీ సంఘాన్ని ప్రారంభించారు. డబ్బు మనది, మనుషులు మనవారు, పని మనదే అన్నది ఆ సంఘం పద్ధతి. 1905లో సెరాంపూర్‌లో జాతీయ మిషనరీ సంఘం ఏర్పడినప్పుడూ దాన్ని ప్రారంభించిన వారిలో ఆయన ఉన్నారు.

తిరునెల్వేలి సంఘం తన సేవకులను పంపింది నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు. మాట రాని చోటు, ఎండలు మండే చోటు. వెళ్ళమని యువకులను పురికొల్పేవారు అజరయ్య గారు, వేదికలెక్కి పిలుపునిచ్చేవారు ఆయనే. కొన్నేళ్ళు గడిచాక ఆ పిలుపు ఆయనకే గుచ్చుకుంది. ఇతరులను పంపుతున్న నేను ఎందుకు వెళ్ళకూడదన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. 1909లో వై.ఎం.సి.ఏ. పదవి వదులుకుని, అభిషేకం పొంది, డోర్నకల్ చేరారు. అప్పటికి ఆయనకు 35 ఏళ్ళు. ఆ వయసులో తెలుగు నేర్చుకోవడానికి కూర్చున్నారు.

ఇక్కడ మేము కాస్త ఆగుతాం. యెహెజ్కేలు గ్రంథం 33వ అధ్యాయంలో కావలివాని సంగతి మనం ఎన్నోసార్లు విన్నాం. ఖడ్గం రావడం చూసి కూడా బూర ఊదకపోతే, నశించినవాని విషయంలో దేవుడు ఆ కావలివాణ్ణే లెక్క అడుగుతాడు. ఆ భాగం మీద మన వేదికల నుండి వచ్చే ప్రసంగాలు ఎక్కువగా సంఘస్థుల వైపే చూస్తాయి. అజరయ్య గారు మొదట కావలి కాసింది తన మీద తానే. ఆయన జీవితంలో తర్వాత జరిగినదంతా ఈ ఒక్క నిర్ణయం నుండి వచ్చిందే.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెతీడ్రల్‌లో ఆయన బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. అది అందరికీ నచ్చలేదు. విదేశీ మిషనరీల్లో కొందరు వ్యతిరేకించారు, మనవారిలోనూ కొందరు వ్యతిరేకించారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టు విడవలేదు గనుక అది జరిగింది. ఒక్క తప్పు దొర్లితే చాలు, భారతీయులకు నాయకత్వం చేతకాదని అనడానికి కాచుకుని ఉన్నవారు ఎందరో. ఆ బరువు 32 ఏళ్ళు ఆయన భుజాల మీద ఉంది. ఆయన బ్రతికున్నంత కాలం ఆంగ్లికన్ సంఘం మన దేశంలో మరో భారతీయుడికి డయోసిస్ అప్పగించలేదన్న సంగతి తలచుకుంటే మాకు ఇప్పటికీ బాధే.

మొదట డోర్నకల్ డయోసిస్ చిన్నదే. 1920 ప్రాంతంలో కృష్ణా, గోదావరి వైపు సంఘాలు కూడా వచ్చి కలిశాయి. ఊళ్ళకు ఊళ్ళు, పల్లెలకు పల్లెలు బాప్తిస్మం పొందుతున్న కాలం అది. ఆయన చివరి ఏళ్ళకు డయోసిస్‌లో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. సంఖ్య పెరగడమే చాలునని ఆయన అనుకోలేదు. ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు. నేర్చుకున్నదేమిటో అడిగి తెలుసుకునేవారు. బాప్తిస్మం పొందినవారి చేత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అని పౌలు కొరింథీయులకు వ్రాసిన సంగతిని వారి నోటితోనే చెప్పించేవారు. అంటే బాధ్యత అయ్యగారిది ఒక్కరిదే కాదని నిన్న బాప్తిస్మం పొందిన కూలివానికి కూడా తెలిసేది.

పల్లె క్రైస్తవులను పీడిస్తున్నవి నాలుగని ఆయన గుర్తించారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. ప్రసంగంతో ఆగక వాటితో పోరాడారు. మాలపల్లె విశ్వాసులు, మాదిగపల్లె విశ్వాసులు ప్రభువు బల్ల దగ్గర వేరువేరుగా ఉండటం ఆయన సహించలేకపోయారు. దీనిలో ఆయన అనుకున్నదంతా నెరవేరలేదు. మనలో ఎవరికీ ఇంకా నెరవేరలేదు.

గురువుల శిక్షణ విషయంలో ఆయన చేసిన ఒక పనిని నేటి బైబిలు కళాశాలలు గమనించాలి. శిక్షణకు వచ్చేవారి భార్యలకు కూడా డోర్నకల్‌లో తరగతులు నడిచేవి. ఆయన భార్య అన్బు గారు ఆ స్త్రీల పరిచర్యను మోశారు. పల్లెలో అయ్యగారి ఇంటినే ఊరంతా చూస్తుందని ఆ దంపతులకు బాగా తెలుసు.

ఇక డబ్బు సంగతి. ఆయన సంఘస్థులు కూలీలు, అప్పుల్లో ఉన్నవారు. అలాంటివారిని కానుక అడగడం తగదని ఎవరైనా అనుకోవచ్చు. ఆయన అలా అనుకోలేదు. వండుకునే ముందు ప్రతి ఇల్లాలూ గుప్పెడు బియ్యం దేవుని కోసం తీసి పక్కన పెట్టడం ఆయన డయోసిస్‌లో అలవాటైంది. కోతకాలంలో ధాన్యం, కోళ్ళు గుడికి వచ్చేవి. కానుకల గురించి ఆయన వ్రాసిన చిన్న పుస్తకం తర్వాత అనేక భాషల్లోకి వెళ్ళింది. డోర్నకల్ కెతీడ్రల్ పూర్తి కావడానికి ఏళ్ళు పట్టింది. హిందూ, ముస్లిం కట్టడాల రీతులు కలిసిన ఆ గుడిని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. గుప్పెడు గుప్పెడుగా కూడిన ధాన్యం ఎక్కడికి పోయిందని అడిగే హక్కు ఆ ఇల్లాళ్ళకు ఉంది. నేడు మన సంఘ లెక్కలు ఏటా గుడిలో చదివి వినిపిస్తున్నామా అని కమిటీ పెద్దలను మేము ప్రేమతో అడుగుతున్నాం. కాపరులు లెక్క అప్పగించవలసినవారని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం చెప్పేది మొదట ఆత్మల గురించే. గుప్పెడు బియ్యానికి లెక్క చెప్పలేనివారు ఆత్మల లెక్క ఎలా చెబుతారు?

చీలిపోయిన సంఘాలు ఒకటి కావాలని తరంగంబాడిలో 1919 మే నెలలో కూడినవారిలో ముఖ్యులు అజరయ్య గారు. ఆ మరుసటి ఏడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఐక్యత కోసం మాత్రం పాతికేళ్ళు ఓపిక పట్టాల్సి వచ్చింది. అయినా అది పూర్తికాలేదు. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లో కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆయన లేరు. ఆయన కాపలా కాసిన పల్లె సంఘాలు మాత్రం ఆ రోజు ఆ ఐక్య సంఘంలో చేరాయి.