దీపమును ఆర్పుకొనిన వీరుడు: టామ్ సింప్సన్ జీవితము

ధ్యానమునకు వాక్యభాగములు: 1 కొరింథీయులకు 9:24–27, గలతీయులకు 6:1–5, 2 తిమోతికి 2:5



పౌలు భక్తుడు విశ్వాసి జీవితమును పరుగుపందెముతో పోల్చిన సంగతి మనకందరికి తెలిసినదే. పందెములో గెలువగోరువాడు తన శరీరమును అదుపులో ఉంచుకొనవలెనని ఆయన కొరింథు సంఘమునకు వ్రాసెను. నియమము తప్పినవానికి కిరీటము లేదని తిమోతికి జ్ఞాపకము చేసెను. ఈ నెల ఆ సంగతిని ఒక మనుష్యుని జీవితమునుండి ధ్యానింతము. అతడు మన దేశస్థుడు కాడు. అయినను అతని తండ్రి చేసిన పని మన బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని సంఘములవారికి బాగుగా తెలిసిన పనియే. అతడు బొగ్గుబావి కార్మికుని కుమారుడు.

టామ్ సింప్సన్ 1937వ సంవత్సరము నవంబరు 30వ తేదీన ఇంగ్లాండు ఉత్తర భాగమున డర్హాము ప్రాంతములోని హాస్వెల్ గ్రామములో పుట్టెను. ఆరుగురు బిడ్డలలో అతడే కడగొట్టువాడు. అది బొగ్గుమీద బ్రతికిన ఊరు. 1844లో అక్కడి గనిలో గ్యాసు ప్రేలి 95 మంది పురుషులును బాలురును ఒక్కదినముననే చనిపోయిరి. గనిలోని గ్యాసును కనిపెట్టుటకు ఒక ప్రత్యేకమైన దీపము ఆ డర్హాము ప్రాంతపు గనులలోనే 1816లో మొదట పరీక్షింపబడెను. గ్యాసు చేరినయెడల ఆ దీపపు మంటమీద నీలపు వెలుగు టోపీవలె కనబడును. ఊపిరాడని చెడుగాలి చేరినయెడల మంట ఆరిపోవును. దీపము చెప్పినది విని వెనుకకు మరలినవాడు ఇల్లు చేరును. బావిలో పనిచేసిన మన పెద్దలు ఆ దీపమును ఎరుగుదురు. దానిని మనసునందుంచుకొని ముందుకు చదువుడి.

1950లో ఆ కుటుంబము హార్వర్త్ అను మరియొక బొగ్గు గ్రామమునకు తరలిపోయెను. అక్కడ బాలుడు సైకిలుమీద ఇంటింటికి సరుకులు చేరవేసి నాలుగు డబ్బులు సంపాదించుచు, ఊరి సైకిలు సంఘములో చేరెను. బక్కపలుచని దేహము, గొప్ప పట్టుదల గల పిల్లవాడు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో తన జట్టుతో కూడ కంచు పతకము పొందునాటికి అతనికి 19 ఏండ్లు. 1958లో కార్డిఫ్ నగరమున జరిగిన కామన్వెల్తు దేశముల ఆటలలో వెండి పతకము పొందెను.

సైకిలు పందెములు జీవనోపాధిగా నడచునది ఫ్రాన్సు, బెల్జియము, ఇటలీ దేశములలో. అందుచేత 1959లో, 21 ఏండ్ల ప్రాయమున, 100 పౌనుల రొక్కము, రెండు సైకిళ్లు తీసికొని అతడు ఫ్రాన్సులోని సాం బ్రియూ పట్టణమునకు పోయెను. పని వెదకికొనుచు బొంబాయికో గల్ఫు దేశములకో పోవు మన బిడ్డలను చూచినవారికి ఈ ప్రయాణము క్రొత్తది కాదు. అతడు పరదేశపు భాష నేర్చెను, ఆ సంవత్సరమే కూలికి పందెమాడు వృత్తిలో చేరెను. 1960లో వివాహమాడి, తరువాత బెల్జియములోని గెంట్ నగరమున కాపురము పెట్టెను. ఇద్దరు కుమార్తెలు కలిగిరి.

తరువాతి సంవత్సరములు విజయముల సంవత్సరములు. 1961లో ఫ్లాండర్సు పందెము గెలిచెను. 1962లో టూర్ ద ఫ్రాన్స్ అను మహాపందెములో, అందరికంటె ముందున్నవాడు ధరించు పసుపు చొక్కాను ధరించెను. బ్రిటను దేశస్థులలో ఆ చొక్కా తొడిగిన మొదటివాడు అతడే. 1964లో మిలాను–సాన్ రేమో పందెము, 1965లో స్పెయిను దేశమందు ప్రపంచ విజేత పదవి అతనివాయెను. ఆ సంవత్సరము బి.బి.సి. వారు అతనిని తమ దేశపు ఆటగాండ్రలో శ్రేష్ఠునిగా ఎన్నిక చేసిరి. గుండ్రని నల్లటోపీ పెట్టుకొని, గొడుగు చేతబట్టి, దొరవలె నటించి జనులను నవ్వించుచుండెను. అందరికిని ప్రియుడు.

అయితే ఆ వృత్తికి ఒక చీకటి ప్రక్క ఉండెను. రెండవ ప్రపంచ యుద్ధములో సైనికులకు నిద్రయు అలసటయు తెలియకుండుటకు ఆంఫెటమిను అను మందు ఇచ్చుచుండిరి. యుద్ధము తరువాత అది సైకిలు పందెములలో విస్తారముగా వ్యాపించెను. మన పల్లెలలో గోళీలని పిలుచు మాత్రల రూపమున అది జేబులో ఇమిడిపోవును. ఈ మందు తినని అన్నమును, త్రాగని నీటిని దేహములో పెట్టలేదు. అలసటను దాచును, అంతే. లోపల గుండె మరింత వేగముగా కొట్టుకొనును, ఒంటి వేడి పెరుగును. పైకి మాత్రము ఇంక పోగలనని తోచును. ఇదే డోపింగు. 1965లో ఫ్రాన్సు ప్రభుత్వము దీనికి విరోధముగా చట్టము చేసెను. 1966లో అధికారులు బోర్దో పట్టణమున ఆటగాండ్రను పరీక్షింపగా, మరునాడు ఆటగాండ్రు సైకిళ్లు దిగి నడచి తమ కోపమును చూపిరి. ఆ యేటి పందెములో సింప్సనును ఉండెను.

1967వ సంవత్సరము వచ్చెను. అతనికి 29 ఏండ్లు. ఈ వృత్తిలో ఆయుష్కాలము కొద్దిది. టూరులో పేరు పొందినవానికే తరువాత ఊరూర జరుగు చిన్న పందెములలో మంచి కూలి దొరకును. పేరు తెమ్మని అతని వ్యవహారములు చూచు ఏజెంటు ఒత్తిడి చేయుచుండెను. ఆ యేటి పందెము మొత్తము 4,700 కిలోమీటర్లకు పైగా. ఆల్ప్సు పర్వతములలో అతనికి కడుపు చెడి, విరేచనములు పట్టి, తిన్నది నిలువకపోయెను. అయినను మానలేదు. జూలై 13వ తేదీన మార్సేల్ పట్టణమునుండి బయలుదేరునప్పుడు అందరిలో ఏడవ స్థానమున ఉండెను.

ఆ దినపు దారి వాంతూ అను కొండ మీదుగా పోవును. 1,900 మీటర్లకు పైబడిన ఎత్తు. మన ఆదిలాబాదు కొండలేవియు దానికి సాటిరావు. పైభాగమున చెట్టులేదు, నీడలేదు, తెల్లని రాళ్లు మాత్రమే. ఆ దినమున భయంకరమైన ఎండ. ఆ కాలపు నియమముచొప్పున ఒక్కొక్కనికి దినమునకు నాలుగు సీసాల నీరు మాత్రమే. దారిలో అతడు బ్రాందీ కూడ త్రాగెను. కడుపు జబ్బు, ఎండ, దాహము, సారాయి, వీటన్నిటిమీద గోళీలు.

శిఖరము ఇంక సుమారు కిలోమీటరు దూరమున ఉండగా అతడు అటునిటు తూలి పడిపోయెను. వెంట వచ్చిన మెకానికు హారీ హాల్ ఇక చాలునని చెప్పి సైకిలునుండి దింపజూచెను. అతడు వినలేదు, పాదములకు కట్టిన పట్టీలు బిగించుమనెను. మరల ఎక్కించిరి. కొన్ని వందల గజములు పోయి మరల పడెను. చేతులు సైకిలు హ్యాండిలును పట్టుకొని బిగిసిపోయి యుండెను. వాటిని బలవంతముగా విడిపింపవలసివచ్చెను. పందెపు వైద్యుడు పియేర్ ద్యుమా తన నోటితో ఊపిరి ఊదెను. హెలికాప్టరులో అవిన్యోన్ ఆసుపత్రికి చేర్చిరి. సాయంకాలము 5:40 గంటలకు అతడు చనిపోయెనని ప్రకటించిరి.

అతని చొక్కా వెనుక జేబులో మూడు గొట్టములు దొరికెను. రెండు ఖాళీవి, ఒకదానిలో సగము గోళీలు మిగిలియుండెను. శవపరీక్షలో ఆంఫెటమినును సారాయియు కనబడెను. ఎండచేతను, నీరు లేమిచేతను గుండె ఆగెను. మందు ఆ అలసటను అతనికి తెలియనియ్యలేదు. అతనిని హార్వర్త్ గ్రామములోనే సమాధిచేసిరి. 1968లో ఆ కొండమీద అతని జ్ఞాపకార్థము ఒక రాతి స్మారకము నిలిపిరి. ఆ సంవత్సరమునుండి టూరులో ప్రతిదినము మందుల పరీక్ష ఏర్పాటు చేసిరి. ఒక మనుష్యుడు చచ్చినగాని అది జరుగలేదు.

ప్రియులారా, ఈ జీవితమునుండి మూడు సంగతులు ధ్యానింతము.

మొదటిది, అలసట మన శత్రువు కాదు. అది దేవుడు దేహమందు వెలిగించి పెట్టిన గని దీపము. గ్యాసు చేరినదని దీపము చెప్పునప్పుడు దానిపై గుడ్డ కప్పి ముందుకు నడచిన కార్మికుని ఏమందుము? సింప్సన్ తండ్రి ఆ దీపమును నమ్మి బ్రతికిన తరమువాడు. కుమారుడు తనలోని దీపమును ఆర్పుకొని కొండ ఎక్కెను. మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని కొరింథు పత్రిక ఆరవ అధ్యాయము నేర్పుచున్నది. ఏలీయా అలసి బదరీచెట్టు క్రింద పడుకొనినప్పుడు దేవుడు అతనిని కొరడాతో లేపలేదు. రొట్టెను, నీళ్లను, నిద్రను ఇచ్చెను.

రెండవది, ఎవరి బాధ్యత? నీటిని కొలిచి యిచ్చినవారిది కొంత, ఒత్తిడిచేసిన ఏజెంటుది కొంత, గోళీలు అమ్మినవారిది కొంత, తెలిసియు నోరు మెదపని తోటివారిది కొంత. ఇంకను ఇంకను వేగమును కోరి చప్పట్లు కొట్టిన జనులదియు కొంత. ఇది నిజము. అయినను ఆ గోళీని నోట వేసికొనిన చెయ్యి ఒక్కటే. ఏదెనులో ఆదాము స్త్రీని చూపెను, స్త్రీ సర్పమును చూపెను. దేవుడు ముగ్గురికిని వేరువేరుగా తీర్పు తీర్చెను. గలతీ పత్రికలో ఒకని భారము మరియొకడు మోయవలెనని ఒక వచనములో ఉన్నది. ఎవని బరువు వాడే మోయవలెనని మూడు వచనముల తరువాత ఉన్నది. రెండును సత్యమే. 1999లో ఏర్పడిన ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ నియమము కూడ ఇట్టిదే: ఆటగాని దేహములో దొరికిన మందునకు ఆటగాడే జవాబుదారి. మన దేశమునను 2022లో ఇందునుగూర్చి చట్టము చేయబడెను. అందరును చేయుచున్నారు అను మాట ఈ లోకపు విచారణలోనే నిలువనియెడల, దేవుని న్యాయపీఠము ఎదుట ఎట్లు నిలుచును?

మూడవది, అనుమానమునుగూర్చి. ఒకరు నియమము తప్పినందున గెలిచిన ప్రతివానిని లోకము అనుమానించుచున్నది. ఏడు మారులు టూరు గెలిచిన అమెరికా దేశస్థుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనేక సంవత్సరములు మందు ముట్టలేదని చెప్పెను. 2012లో ఆ ఏడు విజయములును తీసివేయబడెను, 2013లో అతడు ఒప్పుకొనెను. అబద్ధము నిర్దోషులమీద కూడ నీడ పడవేయును. అయినను రుజువు లేనిచోట నింద వేయుట తొమ్మిదవ ఆజ్ఞను మీరుటయే. రుజువు ఉన్నచోట దాచుటయు సత్యము కాదు. సింప్సనుపట్ల మనము రెండును చెప్పవలెను: అతడు గొప్ప ధైర్యశాలి, ప్రియమైన తండ్రి, మరియు అతని జేబులో ఆ గొట్టములు ఉండెను. దావీదు విజయములను వ్రాసిన గ్రంథమే అతని పాపమును కూడ వ్రాసెను.

ఈ సంగతి నేను వ్రాయుటకు ఒక కారణము కలదు. పోలీసు కొలువు పరీక్షకు పోవు యౌవనుడొకడు ప్రార్థన కొరకు నాయొద్దకు వచ్చెను. 1600 మీటర్ల పరుగు ఉన్నది. ఆ మాట ఈ మాట చెప్పుచు, తోటివారు గోళీలు ఇచ్చిరని అతడు అనెను. నేను అతని తలమీద చేతులుంచి ప్రార్థించితిని గాని, ఆ గోళీలను బయటికి తీయుమని అడుగలేదు. అడిగినయెడల నొచ్చుకొని మందిరమునకు రాడేమోయని జంకితిని. అతడు క్షేమముగా తిరిగివచ్చెను. అయినను సింప్సన్ వృత్తాంతము చదివినప్పుడెల్ల నా మౌనము నన్ను పొడుచుచున్నది. తెలిసియు ఊరకున్నవారి వరుసలో ఆ దినము నేనును ఉంటిని. తరువాత అతని ఇంటికి పోయి ఆ మాట ఒప్పుకొంటిని.

తలిదండ్రులారా, మీ కుమారుడు ఓడి వచ్చినను అన్నము పెట్టి చేరదీయుదుమని ముందుగానే అతనితో చెప్పుడి. యౌవనులారా, పరుగెత్తుడి, కష్టపడుడి, గెలువుడి. గాని మీ దీపమును వెలుగనియ్యుడి. ఓడినవానికి మరియొక పరీక్ష ఉన్నది. ఆరిన ప్రాణమునకు లేదు.

ప్రార్థన: ప్రభువా, మా బలహీనతను దాచుకొనక నీయెదుట ఒప్పుకొనుటకు ధైర్యము దయచేయుము. మా తప్పును ఇతరులమీద త్రోయకుండునట్లును, మాటాడవలసినచోట మౌనముగా ఉండకుండునట్లును మాకు సహాయము చేయుము. మా బిడ్డల దేహములను కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.