కెన్ ఆస్టన్: పిడిగుద్దుల మ్యాచ్‌కు రిఫరీ.. రెడ్ కార్డుకు ఆద్యుడు! ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర తట్టిన ఐడియా ఫుట్‌బాల్‌ను ఎలా మార్చింది?

రిఫరీ జేబులోకి చెయ్యి పోనిచ్చాడంటే చాలు.. స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టి చూస్తుంది. బయటికొచ్చేది పసుపు కార్డా? ఎర్ర కార్డా? ఎర్రదైతే ఎంత పెద్ద స్టార్ అయినా సరే గ్రౌండ్ వదిలి వెళ్లాల్సిందే. జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాల్సిందే. ఇవాళ ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన రూల్.

కానీ ఒకప్పుడు ఈ కార్డులే లేవు. వరల్డ్ కప్‌లో ఒక ఆటగాడు మరొకడి ముక్కు పగలగొట్టినా చివరి విజిల్ దాకా దర్జాగా ఆడేసిన రోజులున్నాయి. ఆ రోజు గ్రౌండ్ మధ్యలో విజిల్ పట్టుకుని నిలబడ్డ మనిషే, కొన్నేళ్ల తర్వాత ఈ కార్డుల ఆలోచన చేశారు. ఆయనే ఇంగ్లాండ్‌కు చెందిన కెన్ ఆస్టన్. వృత్తి రీత్యా స్కూల్ టీచర్. ఆయన చనిపోయి రెండు దశాబ్దాలు దాటింది. అయినా ప్రపంచంలో ఎక్కడ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగినా ఆయన ఆలోచన రిఫరీ జేబులో ఉంటుంది.

బడి పంతులు.. చేతిలో విజిల్

కెన్ ఆస్టన్ 1915 సెప్టెంబర్ 1న ఇంగ్లాండ్‌లోని కోల్చెస్టర్‌లో పుట్టారు. ఎక్సెటర్‌లోని సెయింట్ ల్యూక్స్ కాలేజీలో చదువుకున్నారు. లండన్ పక్కనున్న ఇల్ఫర్డ్‌లో టీచర్‌గా చేరారు. అక్కడి న్యూబరీ పార్క్ స్కూల్‌కు తర్వాతి కాలంలో హెడ్‌మాస్టర్ కూడా అయ్యారు. 1936లో రిఫరీగా అర్హత సాధించారు. ఆ రోజుల్లో రిఫరీ అంటే ఫుల్‌టైమ్ ఉద్యోగం కాదు. వారమంతా ఉద్యోగం, సెలవు రోజున మ్యాచ్. ఆస్టన్‌ది కూడా అదే జీవితం.

పిల్లల మధ్య గొడవైతే టీచర్ ఏం చేస్తారు? ముందు ఎవరు కొట్టారు, ఎవరు తిరిగి కొట్టారు అని ఆరా తీస్తారు. క్లాసు మొత్తాన్నీ నిలబెట్టరు, తప్పు చేసినవాడినే బయటికి పిలుస్తారు. ఆస్టన్ జీవితమంతా చుట్టూ తిరిగిన ప్రశ్న కూడా ఇదే.. తప్పు ఎవరిది? ఆ సంగతి అందరికీ తెలిసేదెలా?

ఇండియన్ ఆర్మీలో లెఫ్టినెంట్ కల్నల్!

ఆయనకు మన దేశంతో కూడా ఓ లింక్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఎయిర్‌ఫోర్స్‌లో చేరాలనుకున్నారు. చీలమండ గాయం వల్ల తీసుకోలేదు. దాంతో రాయల్ ఆర్టిలరీలో చేరి, అక్కడి నుంచి అప్పటి బ్రిటిష్ ఇండియన్ ఆర్మీకి మారారు. యుద్ధం ముగిసేసరికి లెఫ్టినెంట్ కల్నల్ హోదాకు చేరారు. సింగపూర్‌లోని చాంగీలో యుద్ధ నేరాల విచారణ జరిపిన ట్రిబ్యునల్‌లోనూ పనిచేశారు.

యుద్ధంలో అందరూ కొట్టుకున్నారు కదా అని వదిలేయకుండా, ఏ నేరం ఎవరు చేశారో మనిషి మనిషిగా తేల్చే పని అది. అక్కడి నుంచి ఆయన నేరుగా ఫుట్‌బాల్ గ్రౌండ్‌కే తిరిగొచ్చారు.

1946లో తెల్ల అంచులున్న నల్ల యూనిఫామ్‌తో ఇంగ్లాండ్ లీగ్ మ్యాచ్‌కు దిగారు. తర్వాత చాలా ఏళ్లు రిఫరీ డ్రెస్ అంటే అదే. ఆ మరుసటి ఏడాది దట్టమైన పొగమంచులో ఓ మ్యాచ్ జరిగింది. లైన్స్‌మన్ చేతిలో జెండా ఆయనకు కనిపించలేదు. దాంతో మంచులోనూ మెరిసే రంగు జెండాలు తెచ్చారు. చూడ్డానికి ఇది చిన్న విషయమే. కానీ ఆయన పద్ధతి ఇక్కడే అర్థమవుతుంది. గ్రౌండ్‌లో తీసుకున్న నిర్ణయం అందరికీ కనిపించాలి!

1962 జూన్ 2.. ఆ రోజు అసలేం జరిగింది?

1962 వరల్డ్ కప్‌కు చిలీ ఆతిథ్యమిచ్చింది. అంతకు రెండేళ్ల ముందే ఆ దేశాన్ని 9.5 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. ఇప్పటివరకు రికార్డయిన భూకంపాల్లో అదే పెద్దది. ఆ శిథిలాల నుంచి లేచి టోర్నీ నిర్వహిస్తున్నామని చిలీ ప్రజలు గర్వంగా ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఇద్దరు ఇటలీ జర్నలిస్టులు శాంటియాగో నగరాన్ని, అక్కడి మనుషుల్ని కించపరుస్తూ కథనాలు రాశారు. చిలీ పత్రికలు ఊరుకుంటాయా? అవీ మంట రాజేశాయి. ఇంతలోనే చిలీ, ఇటలీ మ్యాచ్ వచ్చి పడింది.

శాంటియాగో నేషనల్ స్టేడియంలో సుమారు 66 వేల మంది జనం. రిఫరీ కెన్ ఆస్టన్. తొలి ఫౌల్‌కు పట్టిన టైమ్ జస్ట్ 12 సెకన్లు! ఎనిమిదో నిమిషంలో చిలీ ఆటగాడు లాండాను ఇటలీ ప్లేయర్ ఫెర్రీనీ తన్నాడు. ఆస్టన్ అతణ్ని బయటికి పొమ్మన్నారు. ఫెర్రీనీ కదల్లేదు. వాదిస్తూనే ఉన్నాడు. చివరికి పోలీసులొచ్చి లాక్కెళ్లాల్సి వచ్చింది.

ఆ తర్వాత చిలీ వింగర్ లియోనెల్ శాంచెజ్ కింద పడి ఉండగా ఇటలీ డిఫెండర్ మారియో డేవిడ్ కాలితో తన్నాడు. శాంచెజ్ లేచి ముఖం మీద ఒక్క గుద్దు గుద్దాడు. శాంచెజ్ తండ్రి ప్రొఫెషనల్ బాక్సర్, ఆ దెబ్బ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. లైన్స్‌మన్ పక్కనే ఉన్నాడు. అయినా శాంచెజ్‌కు ఏ శిక్షా పడలేదు. కాసేపటికి డేవిడ్ గాల్లోకి ఎగిరి శాంచెజ్ తల మీదికి కాలు విసిరాడు. ఆస్టన్ ఈసారి డేవిడ్‌ను బయటికి పంపారు. ఇటలీ తొమ్మిది మందికి పడిపోయింది.

గొడవ అక్కడితో ఆగిందా అంటే అదీ లేదు. శాంచెజ్ కొట్టిన మరో దెబ్బకు ఇటలీ ఆటగాడు మాస్కియో ముక్కు విరిగింది. మళ్లీ శాంచెజ్‌కు ఏమీ కాలేదు! పోలీసులు పదేపదే గ్రౌండ్‌లోకి వచ్చారు. రెండో అర్ధభాగంలో చిలీ రెండు గోల్స్ కొట్టి 2-0తో గెలిచింది. చరిత్రలో ఆ మ్యాచ్‌కు శాంటియాగో యుద్ధం అనే పేరు పడిపోయింది.

తప్పు ఎవరిది?

కొన్ని రోజుల తర్వాత ఆ మ్యాచ్‌ను బీబీసీ ప్రసారం చేసింది. చూపించే ముందు వ్యాఖ్యాత డేవిడ్ కోల్‌మన్ ప్రేక్షకులను హెచ్చరిస్తూ ఇరు జట్లనూ ఘాటుగా దులిపేశారు. ఫుట్‌బాల్ పరువు తీశారంటూ మండిపడ్డారు.

మరి ఆస్టన్ సంగతి? విమర్శలు ఆయననూ వదల్లేదు. ఇద్దరు ఇటాలియన్లను పంపేసి, రెండుసార్లు చెయ్యి చేసుకున్న శాంచెజ్‌ను ఎలా వదిలేశారన్నది అడగాల్సిన ప్రశ్నే. ఆ గుద్దు తన కంట పడలేదని, లైన్స్‌మన్ల నుంచి సాయం అందలేదని ఆయన వాదన. అది ఫుట్‌బాల్ మ్యాచ్ కాదని, సైనిక విన్యాసాలకు అంపైరింగ్ చేసినట్టు అనిపించిందని తర్వాత చెప్పుకొచ్చారు. ఏది ఏమైనా ఆస్టన్ మరో వరల్డ్ కప్ మ్యాచ్‌కు విజిల్ ఊదలేదు.

శాంచెజ్ మాత్రం ఆ టోర్నీలో నాలుగు గోల్స్ చేసి టాప్ స్కోరర్లలో ఒకడిగా నిలిచాడు. చిలీ మూడో స్థానం సాధించింది. అదే టోర్నీ సెమీ ఫైనల్‌లో బ్రెజిల్ స్టార్ గరించా తనను వేధించిన చిలీ ఆటగాణ్ని తన్ని బయటికి వెళ్లాడు. అయినా ఫైనల్ ఆడనిచ్చారు! అంటే ఆ రోజుల్లో తప్పుకూ శిక్షకూ మధ్య దారి ఎంత వంకరగా ఉండేదో చూడండి. ఎవరు కొట్టారన్న దానికంటే కొట్టింది ఎంత పెద్ద ఆటగాడు, ఎవరి దేశంలో మ్యాచ్ అన్నదే లెక్కలోకి వచ్చేది.

వెంబ్లీలో భాష రాని గొడవ

శాంటియాగో తర్వాత కూడా ఇంగ్లాండ్‌లో ఆస్టన్‌పై నమ్మకం పోలేదు. 1963 ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌కు ఆయనే రిఫరీ. తర్వాత ఫిఫా రిఫరీల కమిటీలో ఎనిమిదేళ్లు ఉన్నారు. అందులో నాలుగేళ్లు ఛైర్మన్. 1966లో ఇంగ్లాండ్‌లో జరిగిన వరల్డ్ కప్‌కు రిఫరీల బాధ్యత చూసింది ఆయనే.

జులై 23న వెంబ్లీలో ఇంగ్లాండ్, అర్జెంటీనా క్వార్టర్ ఫైనల్. రిఫరీ జర్మనీకి చెందిన క్రైట్‌లైన్. అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ను ఆయన బయటికి పంపారు. రాటిన్‌కు జర్మన్ రాదు. రిఫరీకి స్పానిష్ రాదు. నన్నెందుకు పంపుతున్నారో చెప్పండి, ట్రాన్స్‌లేటర్‌ను పిలవండి అంటూ రాటిన్ మొండికేశాడు. ఆట ఆగిపోయింది. చివరికి ఆస్టనే గ్రౌండ్‌లోకి దిగి నచ్చజెప్పాల్సి వచ్చింది. నాలుగేళ్ల క్రితం ఫెర్రీనీతో పడ్డ తంటా ఆయనకు గుర్తు రాకుండా ఉంటుందా?

అసలు ట్విస్ట్ మర్నాడు. ఆ మ్యాచ్‌లో ఇంగ్లాండ్ ఆటగాళ్లు బాబీ చార్ల్‌టన్, జాక్ చార్ల్‌టన్ అన్నదమ్ములిద్దరి పేర్లూ రిఫరీ రాసుకున్నారని పత్రికల్లో వచ్చింది. ఆ సంగతి ఇంగ్లాండ్ జట్టుకే తెలియదు! నిజమో కాదో చెప్పమని ఫిఫాను అడగాల్సి వచ్చింది. రిఫరీ చిన్న పుస్తకంలో పేరు రాసుకుంటాడు. ఆటగాడికి తెలియదు, కోచ్‌కు తెలియదు, జనానికి అంతకన్నా తెలియదు. తనకు వార్నింగ్ పడిందనే తెలియనివాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడేదెలా?

సిగ్నల్ పడింది.. ఐడియా వెలిగింది!

ఆస్టన్ కారులో ఇంటికి వెళ్తున్నారు. బుర్రలో ఇదే గోల. లండన్‌లోని కెన్సింగ్టన్ హైస్ట్రీట్‌లో ట్రాఫిక్ సిగ్నల్ పడింది. పసుపు.. అంటే జాగ్రత్త. ఎరుపు.. అంటే ఆగిపో. దీనికి ఇంగ్లీష్ అక్కర్లేదు, స్పానిష్ అక్కర్లేదు, జర్మన్ అక్కర్లేదు. రంగు చూస్తే చాలు. అంతే.. ఆయనకు దారి దొరికింది.

1970 మెక్సికో వరల్డ్ కప్‌లో కార్డులు వచ్చేశాయి. ప్రారంభ మ్యాచ్‌లోనే పసుపు కార్డు బయటికి తీశారు. ఆ టోర్నీ మొత్తంలో ఒక్క రెడ్ కార్డు కూడా అవసరం పడలేదు. వరల్డ్ కప్ చరిత్రలో తొలి రెడ్ కార్డు 1974లో చూపించారు. పశ్చిమ జర్మనీతో మ్యాచ్‌లో తనను పదేపదే అడ్డుకున్న బెర్టీ వోగ్ట్స్‌పై ప్రతీకారం తీర్చుకోబోయిన కార్లోస్ కాస్జెలీకి అది దక్కింది. అతనిది ఏ దేశమో తెలుసా? చిలీ! 12 ఏళ్ల క్రితం శాంచెజ్ తప్పించుకున్న అదే దేశం.

కార్డు పుట్టిన ఇంగ్లాండ్‌లో మాత్రం లీగ్ మ్యాచ్‌ల్లోకి రావడానికి 1976 దాకా పట్టింది. 1981లో తీసేశారు. 1987లో మళ్లీ తెచ్చారు. సొంతూళ్లో అంత ఈజీగా ఒప్పుకోలేదన్నమాట.

కార్డుతో కొట్లాటలు ఆగాయా?

లేదు. ఆ మాట ఒప్పుకోవాలి. 1982 సెమీ ఫైనల్‌లో జర్మనీ గోల్‌కీపర్ షూమాకర్ ఢీకొట్టడంతో ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టోన్ స్పృహ తప్పాడు, పళ్లు ఊడాయి. కార్డు సంగతి అటుంచితే రిఫరీ కనీసం ఫౌల్ కూడా ఇవ్వలేదు. జేబులో కార్డున్నా తీసే చెయ్యి కదలాలి కదా! 2006 ఫైనల్‌లో జిదాన్ తలతో కుమ్మి రెడ్ కార్డుతో కెరీర్ ముగించిన సీన్ చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అయితే ఈ రెండు ఘటనల మధ్య తేడా చూడండి. జిదాన్ అంతటివాడు కూడా ప్రపంచం చూస్తుండగా కప్పు పక్క నుంచి తలవంచుకుని నడిచి వెళ్లాడు. పోలీసులు రాలేదు, ట్రాన్స్‌లేటర్ రాలేదు. తప్పు అతనిది, శిక్ష అతనిది, అది అందరికీ అర్థమైంది. కోపాన్ని కార్డు ఆపలేదు. కానీ గుంపులో కలిసిపోయి తప్పించుకునే వీలు తగ్గించింది. అటువైపు వాడు ముందు కొట్టాడు కాబట్టి నేనూ కొట్టాను అనే సాకు ఎర్ర రంగు ముందు చెల్లదు.

ఆ ఆలోచన ఫుట్‌బాల్‌తో ఆగలేదు. హాకీ, రగ్బీ, వాలీబాల్, బ్యాడ్మింటన్.. అన్నింట్లోనూ ఏదో రూపంలో కార్డులున్నాయి. తెలుగు టైటాన్స్ ఆడే ప్రో కబడ్డీలోనూ గ్రీన్, ఎల్లో, రెడ్ కార్డులు మనం చూస్తున్నవే.

చివరి దాకా పంతులే

పెద్ద పదవుల నుంచి తప్పుకున్నా ఆస్టన్ పాఠాలు మానలేదు. అమెరికాలో పిల్లల ఫుట్‌బాల్‌కు రిఫరీలుగా వచ్చే మామూలు తల్లిదండ్రులకు, వాలంటీర్లకు ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చారు. 1997లో బ్రిటన్ ప్రభుత్వం ఎంబీఈ పురస్కారంతో గౌరవించింది. 2001 అక్టోబర్ 23న, 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన చేసిన మ్యాచ్‌ల్లో జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది ఆయన చేతిలోంచి జారిపోయిన మ్యాచే. అది ఆయనకూ తెలుసు. శాంటియాగోలో ఆటగాళ్లు తప్పు చేశారు, లైన్స్‌మన్లు చూడలేదు అని జీవితాంతం చెప్పుకుంటూ కూర్చోవచ్చు. కానీ మళ్లీ అలా జరగకుండా ఏం చేయాలన్న ప్రశ్నను ఆయన వదల్లేదు. ఆ మ్యాచ్‌లో శాంచెజ్ చేసిన తప్పుకు లెక్క ఎప్పటికీ తేలలేదు. తన వంతు లెక్కను మాత్రం ఆస్టన్ రెండు చిన్న అట్టముక్కలతో తేల్చుకున్నారు.