రహీము సాహెబు

ఆసియా క్రీడోత్సవములలో భారతదేశము ఫుట్‌బాల్ ఆటయందు రెండుమార్లు స్వర్ణపతకమును పొందెను. ఆ రెండు విజయములకును మూలపురుషుడు హైదరాబాదు నగరమునకు చెందిన ఒక బడిపంతులు. ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీము.

రహీముగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి ఉపాధ్యాయులైరి. తరువాత హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలిచెను. 1951లో ఢిల్లీనగరమున ఆయన తీర్చిదిద్దిన భారతజట్టు ఇరానును ఓడించి స్వర్ణపతకమును అందుకొనెను.

అయినను మన ఆటగాండ్రలో పలువురు వట్టికాళ్లతో ఆడి పెరిగినవారు. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలయందు యుగోస్లావియా జట్టు మనవారిని 10–1 గోలులతో ఓడించెను. నాడు మనవారిలో కొందరికి కాలికి బూట్లు లేవు. నేర్పు ఉన్నను సాధనములు లేనిచో ఏమగునో దేశమునకు తెలిసివచ్చెను. ఆపైన బూట్లు ధరించుట నియమమయ్యెను.

రహీముగారు నిరుత్సాహపడలేదు. ధనముతో పనిలేని ఉపాయములను వెదకిరి. బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనను పోటీలను నడిపిరి. 1956లో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలలో మన జట్టు నాలుగవ స్థానమును పొందెను.

ఆయన కులమతములను చూడలేదు, ఆటను చూచిరి. 1962లో జకార్తాకు వెళ్లిన జట్టులో పంజాబు వీరుడు జర్నైల్ సింగు, బెంగాలీ యువకుడు చునీ గోస్వామి, హైదరాబాదు యూసుఫ్ ఖాను, సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడ గ్రామపు తులసీదాస్ బలరాము ఒకే కుటుంబమువలె మెలగిరి. జర్నైల్ సింగు తలకు గాయమైనను ఆడెను. సెప్టెంబరు 4వ తేదీన దక్షిణ కొరియాను 2–1 గోలులతో ఓడించిరి. అప్పటికే గురువుగారిని క్యాన్సరు వ్యాధి క్రుంగదీయుచుండెను. 1963 జూను 11వ తేదీన వారు పరమపదించిరి.

రహీముగారి కాలమున బాలికలకు జాతీయపోటీలు లేవు. స్త్రీల ఫుట్‌బాల్ సమాఖ్య 1975లో గాని ఏర్పడలేదు. అనంతరకాలమున నిజామాబాదు ప్రాంతపు గుగులోతు సౌమ్య భారతజట్టులో ఆడి, 2022లో క్రొయేషియా దేశపు క్లబ్బు జట్టునకును ఎంపికయ్యెను. మైదానము, బూట్లు, గురువు అను మూడును బాలురకువలె బాలికలకును లభించిననాడు ఎందరు సౌమ్యలు వెలుగులోనికి వత్తురో! ప్రతిభ ఎవరి ఇంటనైనను పుట్టును. దానికి అవకాశమిచ్చుట సంఘము యొక్క ధర్మము.