ఖాళీ కూడా బ్యాకప్పే

ప్రతి సెప్టెంబర్ 15న ఇంజినీర్స్ డే చేసుకుంటాం. తలపాగా, కోటుతో ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఫొటోకి దండ వేస్తాం, స్పీచ్‌లు వింటాం, అంతే. ఆయన జీవితం గురించి చదివాక నాకు అనిపించింది ఏంటంటే, నీళ్లు మరీ ఎక్కువైన రోజుకీ, అసలు దొరకని రోజుకీ ముందే ఎలా సిద్ధపడాలన్నదే ఆయన పని మొత్తం.

1861లో చిక్కబళ్లాపూర్ దగ్గర ముద్దేనహళ్లిలో పుట్టారు. పూర్వీకులది మన గిద్దలూరు వైపు మోక్షగుండం. ఆ ఊరి పేరే ఇంటిపేరైంది. చిన్నప్పుడే తండ్రి పోయారు. బెంగళూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ బీఏ చదివి, మైసూరు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో పుణేలో ఇంజినీరింగ్ పూర్తిచేశారు. 1884లో బొంబాయి పీడబ్ల్యూడీలో చేరారు.

అక్కడ ఖడక్‌వాస్లా డ్యామ్‌లో ఎక్కువ నీళ్లు నిలవాలి, కానీ కట్ట ఎత్తు పెంచకూడదు. ఆయన ఆటోమేటిక్ గేట్లు డిజైన్ చేసి 1903లో పెట్టించారు. నీటిమట్టం హద్దు దాటితే వాటంతటవే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. సెన్సర్ లేదు, కోడ్ లేదు!

1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ని ముంచేసింది. వేలమంది చనిపోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి బతికినవాళ్ల సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికే బొంబాయి ఉద్యోగం వదిలేసిన ఆయన్ని నిజాం ప్రభుత్వం పిలిచింది. 1909లో వచ్చి, ముందు వాన లెక్కలూ చెరువుల లెక్కలూ తీశారు. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయని తేలింది. పై చెరువు తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. మనం క్లాసులో కాస్కేడింగ్ ఫెయిల్యూర్ అంటామే, అదే.

నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టమన్నారు. ఊళ్లో నది ఒడ్డులు ఎత్తుచేసి, వాటి వెంట తోటలు వేయమన్నారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదని ఆపేవే నగరానికి తాగునీళ్లూ ఇచ్చాయి. కష్టం కూడా అక్కడే ఉంది. తాగునీటికైతే జలాశయం నిండుగా ఉండాలి, వరదని ఆపాలంటే అందులో ఖాళీ ఉండాలి. చూసేవాళ్లకి ఆ ఖాళీ వృథాగా కనిపిస్తుంది. వరద వచ్చిన రాత్రి ఊరిని కాపాడేది మాత్రం అదే.

తర్వాత మైసూరు వెళ్లి చీఫ్ ఇంజినీర్‌గా, 1912 నుంచి 1918 దాకా దివాన్‌గా పనిచేశారు. కావేరి మీద కృష్ణరాజసాగర్ కట్టించింది సాగునీటికి మాత్రమే కాదు. శివనసముద్రం కరెంటు కోలార్ బంగారు గనులకి వెళ్లేది. ఎండాకాలంలో నది తగ్గినా ఆ కరెంటు తగ్గకూడదు. అంటే వానాకాలంలో నీళ్లు దాచడం, ఎండాకాలానికి కరెంటు దాచడం రెండూ ఒకటే.

1955లో భారతరత్న అందుకున్నారు. 1962 ఏప్రిల్ 14న, నూరేళ్ల వయసులో బెంగళూరులో కన్నుమూశారు.

గండిపేట గేట్లు ఎత్తారని వార్త వచ్చినప్పుడల్లా, వందేళ్ల కిందటి ఆయన లెక్క ఇంకా పనిచేస్తోందని గుర్తొస్తుంది. ఆ లెక్కలో నదికి వదిలిన చోటు కూడా ఉంది. దాన్ని ఇళ్లతో నింపుకుంటూ పోతే మాత్రం ఎన్ని గేట్లున్నా సరిపోవు.