ఒక సంతకం ఖరీదు

మొన్నటి ఎన్నికల్లో నేను మొదటిసారి ఓటు వేశాను. నిజం చెప్పొద్దూ, క్యూలో నిలబడ్డంతసేపూ ఈ ఒక్క ఓటుతో ఏం ఒరుగుతుందిలే అన్న విసుగే ఎక్కువ. జాబితాలో నా పేరు ఎక్కడానికి ఒక ఫారం, ఒక సంతకం సరిపోయాయి. తర్వాత కొన్నాళ్ళకు అమెరికా నల్లజాతి మహిళ ఫానీ లూ హేమర్ జీవితం చదివాను. అదే సంతకానికి ఆమె చెల్లించిన మూల్యం తెలిసి నాకు సిగ్గేసింది.

ఆమె 1917లో మిసిసిపీ రాష్ట్రంలో, పాలుకు సేద్యం చేసే పేద ఇంట 20వ సంతానంగా పుట్టింది. ఆరేళ్ళకే పత్తి చేలోకి దిగింది. బడి పన్నెండేళ్ళకల్లా ఆగిపోయింది. రూల్‌విల్ దగ్గర ఒక పత్తి ఎస్టేటులో 18 ఏళ్ళు పనిచేసింది. తనకూ ఓటు హక్కు ఉందన్న సంగతి నలభై దాటేదాకా ఆమెకు చెప్పిన నాథుడే లేడు!

తెలిసిన వెంటనే, 1962 ఆగస్టు 31న, మరో 17 మందితో కలిసి ఓటరుగా నమోదు కావడానికి ఇండియనోలా పట్టణానికి బస్సులో వెళ్ళింది. అక్కడి అధికారి రాష్ట్ర రాజ్యాంగంలోంచి ఒక సెక్షను ఇచ్చి అర్థం రాయమన్నాడు. పరీక్ష తప్పించాడు. తిరుగుదారిలో పోలీసులు బస్సు ఆపి జరిమానా వేశారు. నేరమేమిటయ్యా అంటే, బస్సు రంగు మరీ పసుపుగా ఉందట! ఆ రాత్రే ఎస్టేటు దొర, దరఖాస్తు వెనక్కి తీసుకుంటావా, ఇల్లు ఖాళీ చేస్తావా అని అడిగాడు. ఆమె ఇల్లు వదిలింది. పది రోజులకు, ఆమెకు ఆశ్రయమిచ్చిన వాళ్ళ ఇంటి మీద 16 తూటాలు పేలాయి.

1963 జూన్ 9న శిక్షణ తరగతుల నుంచి తిరిగి వస్తుండగా, వినోనా బస్‌స్టేషన్‌లో ఆమెనూ సహచరులనూ అరెస్టు చేశారు. జైల్లో పోలీసులు ఇద్దరు నల్లజాతి ఖైదీల చేతికి లాఠీ ఇచ్చి ఆమెను కొట్టించారు. లాఠీ పోలీసుది, చెయ్యి సాటి బాధితుడిది! ఇంతకంటే అమానుషం ఏముంటుంది? ఆమె మూత్రపిండం, కన్ను శాశ్వతంగా దెబ్బతిన్నాయి. కేసు కోర్టుకెళ్ళింది. అంతా తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ పోలీసులను నిర్దోషులని వదిలేసింది.

మరొకరైతే మౌనంగా ఉండిపోయేవారేమో. ఆమె 1964 ఆగస్టు 22న అట్లాంటిక్ సిటీలో, డెమోక్రాటిక్ పార్టీ మహాసభ కమిటీ ముందు కూర్చుని ఆ జైలు గదిలో జరిగిందంతా చెప్పింది. కెమెరాలను అటునుంచి మళ్ళించడానికి ప్రెసిడెంటు జాన్సన్ హఠాత్తుగా పత్రికల వాళ్ళను పిలిపించాడు. అయినా ఆ సాయంత్రం టీవీలు ఆమె మాటలనే దేశమంతా వినిపించాయి. రెండు సీట్లిస్తాం, సర్దుకోండన్న పార్టీ పెద్దల బేరాన్ని ఆమె ఒప్పుకోలేదు. 1965 మార్చిలో సెల్మా వంతెన మీద ఊరేగింపును పోలీసులు చితకబాదడం కూడా జనం టీవీల్లో చూశారు. ఆ ఏడాది ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చింది. 1968 షికాగో మహాసభలో హేమర్ ప్రతినిధిగా కూర్చుంది. అయితే అదే వారం, ఆ ఊరి వీధుల్లో యుద్ధ వ్యతిరేక ప్రదర్శకుల మీద మళ్ళీ పోలీసు లాఠీలే విరిగాయి.

1977 మార్చి 14న, 59వ ఏట, ఆమె క్యాన్సర్‌తో కన్నుమూసింది.

2020లో మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ ఒక పోలీసు మోకాలి కింద ప్రాణం విడిచాడు. దారినపోయే ఒక అమ్మాయి దాన్ని ఫోనులో వీడియో తీసింది. 2021లో జ్యూరీ ఆ పోలీసును దోషి అంది. వినోనా నుంచి అక్కడికి చేరడానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది. రెండుచోట్లా చూసిందీ పడిందీ దాచకుండా బయటపెట్టిన సామాన్యులే ఉన్నారు. వాళ్ళే లేకపోతే ఆ దెబ్బలు నాలుగు గోడలు దాటేవా?

మిత్రులారా, వచ్చే ఎన్నికల్లోనూ క్యూ ఉంటుంది, ఎండ ఉంటుంది. నేను మాత్రం ఈసారి విసుక్కోను.